పెస్టలోజీ గురించి బిట్ పేపర్లో లేనివి మాట్లాడుకుందాం

పలకాబలపం · శనివారం రాత్రి 9:10

నేను మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. డీఎస్సీకి చదివేటప్పుడు పెస్టలోజీ పేరు నాకు ఒక్క లైనే: "తల, హృదయం, చేయి, ఈ మూడింటి సమగ్ర వికాసమే విద్య అన్నది ఎవరు?" నాలుగు ఆప్షన్లు, ఒక టిక్కు. ఆ టిక్కు పెట్టి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆయన ఎవరో, ఏ ఊరివాడో, ఎందుకు అలా అన్నాడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ సెలవుల్లో ఆయన స్టాన్స్ అనే ఊరి గురించి రాసిన ఉత్తరం ఇంగ్లీషు అనువాదంలో చదివాను. రెండు రోజులుగా వేరే ధ్యాస లేదు. అందుకే ఈ టాపిక్.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక కథ. పెస్టలోజీ స్విట్జర్లాండు విద్యావేత్త. 1798లో ఫ్రెంచి సైన్యాల అండతో స్విట్జర్లాండులో కొత్త ప్రభుత్వం వచ్చింది. స్టాన్స్ ఉన్న నిడ్‌వాల్డెన్ అనే కొండ ప్రాంతం వాళ్లు దానికి ఒప్పుకోలేదు. ఆ సెప్టెంబరు 9న ఫ్రెంచి సైన్యం వాళ్ల మీద పడింది. ఇళ్లు తగలబెట్టారు, వందల మందిని చంపారు. మిగిలిన అనాథ పిల్లల్ని చూసుకోవడానికి ప్రభుత్వం పెస్టలోజీని పంపింది. 1799 జనవరిలో, ఒక కన్యామఠంలో ఇంకా మరమ్మతులు పూర్తికాని గదుల్లో, ఆయన పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. చూస్తుండగానే 80 మంది దాకా చేరారు. సాయానికి ఇల్లు చూసుకునే ఒక ఆవిడ తప్ప ఎవరూ లేరు.

పిల్లలు ఎలా వచ్చారో ఆయన దాచకుండా రాశాడు. గజ్జితో నడవలేనివాళ్లు, తల పగిలి పుళ్లు పడ్డవాళ్లు, పేలతో నిండిన చింపిరి గుడ్డలు. ఎముకల గూళ్లు. కొందరు అడుక్కోవడానికి అలవాటు పడి మొండికేసినవాళ్లు, కొందరు భయంతో ముడుచుకుపోయినవాళ్లు. వాళ్లు తాగిన సూపే తనూ తాగాడు. వాళ్ల మధ్యనే పడుకున్నాడు, అందరికన్నా చివర పడుకుని అందరికన్నా ముందు లేచాడు. ముందు చదువు కాదు, ముందు నమ్మకం. తన చేయి వాళ్ల చేతిలో, తన చూపు వాళ్ల కళ్ల మీద. పాఠం ఆ తర్వాత.

నా క్లాసులో 31 మంది. ఈ ఉత్తరం చదివాక సోమవారం ఎలా వెళ్లి నిలబడాలా అని ఆలోచిస్తున్నాను. మీకు తెలిసింది రాయండి.

శ్రావణమేఘం · శనివారం రాత్రి 9:34

నేను ప్రస్తుతం టెట్‌కి ప్రిపేర్ అవుతున్నా అక్కా. మా మెటీరియల్లో "పెస్టాలజీ" అని ఉంది, మీరు పెస్టలోజీ అంటున్నారు. ఏది కరెక్ట్? ఇంకో డౌటు, స్టాన్స్ బడి ఎన్నేళ్లు నడిచింది?

పలకాబలపం · శనివారం రాత్రి 9:41

ఏళ్లు కాదమ్మా, నెలలు. జూన్ మొదట్లోనే మఠాన్ని సైనిక ఆసుపత్రికి తీసేసుకున్నారు. ఐదు నెలలైనా నిండలేదు. పిల్లల్ని పంపించేసి ఆయన ఆరోగ్యం పాడై కొండల్లోకి విశ్రాంతికి వెళ్లిపోయాడు. ఆ ఉత్తరం అక్కడ రాసిందే.

జ్యూరిక్ తెలుగబ్బాయి · శనివారం రాత్రి 10:02

పేరు సంగతి నేను చెప్తాను, ఇక్కడ 8 ఏళ్లుగా ఉంటున్నాను. ఇక్కడివాళ్లు "పెస్టలోత్సి" అంటారు, చివర "త్సి". వాళ్ల పూర్వీకులు ఇటలీ వైపు కియవెన్నా నుంచి ప్రొటెస్టెంట్ మతం వల్ల జ్యూరిక్ వచ్చి స్థిరపడ్డవాళ్లు, అందుకే పేరు ఇటాలియన్‌లా ఉంటుంది. ఆయన మాత్రం పక్కా జ్యూరిక్ మనిషి, జర్మన్‌లోనే రాశాడు. 1746 జనవరి 12న పుట్టాడు.

ఊరి నడిబొడ్డున బాన్‌హోఫ్ స్ట్రాసే అని ఖరీదైన షాపుల వీధి ఉంది. దాని పక్కన చిన్న పచ్చిక, అందులో ఆయన విగ్రహం, పక్కన ఒక పిల్లవాడు. మధ్యాహ్నం ఆఫీసువాళ్లు ఆ గడ్డి మీదే కూర్చుని తింటారు. నేనూ చాలాసార్లు తిన్నాను, ఎవరి విగ్రహమో పట్టించుకోకుండా.

ఆయనకు ఐదేళ్లప్పుడు తండ్రి పోయాడు. చనిపోయే ముందు ఆ తండ్రి ఇంట్లో పనిచేసే బాబెలి అనే అమ్మాయిని పిలిచి, నా భార్యాపిల్లల్ని వదిలి వెళ్లొద్దని అడిగాడట. ఆమె మాటిచ్చింది, నిలబెట్టుకుంది. ఆ పిల్లవాడు పెరిగింది తల్లి, బాబెలి, ఈ ఇద్దరి చేతుల్లోనే.

విశ్రాంత మాస్టారు · ఆదివారం ఉదయం 6:20

పలకాబలపం గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. 36 ఏళ్లు బడిలో ఉండి రిటైరైన వాణ్ణి. ట్రైనింగులో మాకూ ఇదే ఒక్క లైను చెప్పారు. తర్వాత నా అంతట నేను చదువుకున్నాను.

స్టాన్స్ ఒక్కటే చదివితే ఆయన పుట్టుకతోనే సాధువేమో అనిపిస్తుంది. దానికి ముందు పాతికేళ్ల ఓటమి ఉంది. 1769లో ఆనా షుల్తెస్‌ను పెళ్లి చేసుకున్నాడు, ఆమె ఆయన కన్నా ఏడెనిమిదేళ్లు పెద్దది, కలిగినింటి పిల్ల. బిర్ అనే ఊరి దగ్గర బీడు భూమి కొని, దానికి నోయ్‌హోఫ్, అంటే కొత్త కమతం, అని పేరు పెట్టాడు. ఎర్రరంగు తీసే మంజిష్ఠ జాతి మొక్క వేశాడు. పంట రాలేదు, అప్పులయ్యాయి. ఆ అప్పుల మధ్యే 1774 ప్రాంతంలో ఊళ్లో అడుక్కునే పిల్లల్ని ఇంటికి తెచ్చుకుని బడి పెట్టాడు. పిల్లలు నూలు వడకాలి, నేయాలి, వడుకుతూనే చదువూ లెక్కలూ నేర్చుకోవాలి. వాళ్లు నేసిన గుడ్డ అమ్మితే బడి ఖర్చు వెళ్లిపోతుందని ఆయన లెక్క.

లెక్క తప్పింది. తిండి తిని, కొత్త బట్టలు తొడుక్కున్నాక కొందరు తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని తీసుకుపోయేవారు. నేత నాణ్యత సంతలో నిలవలేదు. 1780కి మూతపడింది, భార్య తెచ్చిన ఆస్తి కూడా అందులోనే కరిగిపోయింది. 1778లో ఆయన అచ్చు వేసిన ఒక నివేదికలో ఒక్కొక్క బిడ్డ పేరు, వయసు, ఎలాంటి స్థితిలో వచ్చింది, ఇప్పుడు ఏం చేయగలదు అని రాశాడు. నివేదిక అంటే మనకు తెలిసింది హాజరు, శాతం. ఆయన రాసింది పేర్లు.

చరిత్రదారి · ఆదివారం ఉదయం 8:05

> వాళ్లు నేసిన గుడ్డ అమ్మితే బడి ఖర్చు వెళ్లిపోతుందని ఆయన లెక్క

మాస్టారూ, ఇది చదవగానే గాంధీ గారి నయీ తాలీం గుర్తొచ్చింది. 1937 వార్ధా సమావేశంలో కూడా ఇదే మాట, చేతిపని మీద వచ్చే ఆదాయంతో బడి తన కాళ్ల మీద నిలబడాలని. పెస్టలోజీ నుంచి వచ్చిందేనా ఇది?

విశ్రాంత మాస్టారు · ఆదివారం ఉదయం 8:50

గాంధీ గారు ఆ ఆలోచనకు తన దారిలో, దక్షిణాఫ్రికా ఆశ్రమాల అనుభవంతో వచ్చారు. కానీ ఇంకో దారి ఉంది, అందులో మన హైదరాబాదు కూడా ఉంది.

వార్ధా పథకాన్ని పాఠ్యప్రణాళికగా మలిచిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్ గారు. 1897లో హైదరాబాదులో పుట్టిన మనిషి. బెర్లిన్‌లో డాక్టరేట్ చేశారు. ఆయన బాగా గౌరవించిన విద్యావేత్త మ్యూనిక్ నగర పాఠశాలల అధికారి గెయార్గ్ కెర్షెన్‌స్టైనర్. పిల్లవాడు చేత్తో ఒక పని చేసి, అది సరిగ్గా వచ్చిందో లేదో తనకు తానే చూసుకోవాలి, శీలం ఏర్పడేది అక్కడే అన్నది కెర్షెన్‌స్టైనర్ పట్టు. ఆయన 1908 జనవరి 12న, పెస్టలోజీ పుట్టినరోజున, జ్యూరిక్‌లోనే ప్రసంగిస్తూ రేపటి బడి పనిబడి కావాలన్నాడు, అది పెస్టలోజీ స్ఫూర్తి అన్నాడు. నోయ్‌హోఫ్ వడుకు గది నుంచి మ్యూనిక్ మీదుగా వార్ధా దాకా ఒక సన్నటి దారం కనిపిస్తుంది.

అమ్మకం లెక్క మాత్రం నోయ్‌హోఫ్‌లోనూ నిలవలేదు, నయీ తాలీం నడిపిన మన బేసిక్ స్కూళ్లలోనూ నిలవలేదు. నా ఉద్యోగం తొలిరోజుల్లో ఒక బడి అటక మీద దుమ్ము పట్టిన, నూలు వడికే తకిలీలు చూశాను. ఎవరూ వాటిని పారేయలేదు, ఎవరూ వాడలేదు.

శ్రావణమేఘం · ఆదివారం ఉదయం 9:15

ఇవన్నీ మెటీరియల్లో ఎందుకు పెట్టరు! మాస్టారూ, 1780 నుంచి స్టాన్స్ దాకా ఆయన ఏం చేశాడు?

పలకాబలపం · ఆదివారం ఉదయం 9:48

రాశాడు. తిండికి కూడా ఇబ్బంది పడ్డ ఏళ్లవి. 1781లో "లీన్‌హార్డ్, గెర్‌ట్రూడ్" అనే నవల మొదటి భాగం వచ్చింది, పేరంతా దానితోనే. తాగుడుకు బానిసైన తాపీమేస్త్రి లీన్‌హార్డ్, అతని భార్య గెర్‌ట్రూడ్. ఊరి పెత్తందారే సారాయి అంగడి నడుపుతూ జనాన్ని అప్పుల్లో ముంచుతుంటాడు. ఆమె బిడ్డను చంకనేసుకుని నేరుగా జమీందారు దగ్గరికెళ్లి చెప్తుంది. చదువుతుంటే ఇది మన ఊరి కథే అనిపించింది.

నాకు నచ్చింది ఆమె ఇల్లు. పిల్లలు నూలు వడుకుతూ దారాలు లెక్కపెడతారు, గదిలో అటునుంచి ఇటు ఎన్ని అడుగులో లెక్కపెడతారు, కిటికీ అద్దాలు ఐదేసి చొప్పున రెండు వరుసలు చూసి పదిని నేర్చుకుంటారు. ఆమెకు బోధన పద్ధతి అనే మాటే తెలియదు. ఊళ్లో కొత్తగా బడి పెట్టాలనుకున్నవాళ్లు ఆమె గది చూసి నేర్చుకుంటారు. బడి ఇంటిని చూసి నేర్చుకోవాలని రాసినవాడు ఆయన.

లెక్కలబడి · ఆదివారం మధ్యాహ్నం 12:30

అందరూ భక్తితో రాస్తున్నారు, నేను కొంచెం అడ్డం వస్తాను. నేనూ టీచర్నే, ఉన్నత పాఠశాలలో గణితం.

ఒకటి, ఆయన సొంత కొడుకు యాకబ్. తత్వవేత్త రూసో పేరు పెట్టి, పిల్లల పెంపకం మీద రూసో రాసిన పుస్తకం ప్రకారం పెంచాడు. ఆ పిల్లవాడికి 11 ఏళ్లొచ్చినా సరిగ్గా చదవడం, రాయడం రాలేదు. మూర్ఛ రోగం కూడా. 1801లో చిన్న వయసులోనే పోయాడు. ప్రపంచానికి చదువు చెప్పిన మనిషి ఇంట్లో ఇది జరిగింది.

రెండు, స్టాన్స్‌లో ఆయన పిల్లల్ని కొట్టాడు. ఆ ఉత్తరంలోనే ఉంది. పలకాబలపం గారు ఆ భాగం రాయలేదు.

మూడు, ఆయన పద్ధతి చివరికి పట్టికలుగా మారింది. గీతల పట్టిక, భిన్నాల చదరాల పట్టిక, అక్షరాల గుణింతాలు. గంటల తరబడి గుంపుగా అరుస్తూ వల్లెవేయడం. మన ఎక్కాలకు దీనికి తేడా ఏమిటి?

పలకాబలపం · ఆదివారం మధ్యాహ్నం 1:15

కొట్టిన సంగతి రాయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. మనసొప్పక వదిలేశాను. పిల్లలు మొండితనంతో, క్రూరంగా ప్రవర్తించినప్పుడు చేయి చేసుకున్నానని రాశాడు. రాత్రీ పగలూ వాళ్లతోనే ఉన్న తండ్రి చెంపదెబ్బ వేరు, గంట కొట్టగానే ఇంటికెళ్లే మాస్టారి దెబ్బ వేరు అని ఆయన వాదన. పిల్లలు తనను అపార్థం చేసుకోలేదనీ అన్నాడు.

నాకు ఆ వాదన నచ్చలేదు. బడిలో పిల్లల్ని కొట్టకూడదనే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఉన్నందుకు మాత్రమే కాదు. నేను చదువుకున్న బడిలో ఒక సారు సరిగ్గా ఇదే మాట అనేవారు, "నా బిడ్డల్లాంటివాళ్లు కాబట్టి కొడుతున్నా" అని. చింతబరికె దెబ్బ ఇప్పటికీ గుర్తుంది, ఆ రోజు పాఠం ఏమిటో గుర్తులేదు. పెస్టలోజీని ఎంత గౌరవించినా ఈ ఒక్క పేజీ దగ్గర ఆయనతో నడవలేను.

కానీ అదే ఉత్తరంలో ఇంకో పేజీ ఉంది. ఆ వసంతంలో దగ్గర్లోని ఆల్ట్‌డోర్ఫ్ పట్టణం కాలిపోయింది. ఆయన పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, అక్కడ వంద మంది పిల్లలు గూడూ గుడ్డా లేకుండా ఉన్నారు, ఇరవై మందినైనా తీసుకురమ్మని అడుగుదామా అన్నాడు. అడుగుదామని అరిచారు. ఆగండి, మన దగ్గర డబ్బు తక్కువ, వాళ్లొస్తే మీ తిండి తగ్గుతుంది, పని పెరుగుతుంది, మీ బట్టలు వాళ్లతో పంచుకోవాలి, బాగా ఆలోచించి చెప్పండి అన్నాడు. అయినా రానివ్వండి అన్నారు. మూడు నెలల కింద రొట్టె ముక్క కోసం కొట్టుకున్న పిల్లలు వీళ్లు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ పేజీ.

విశ్రాంత మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 3:40

లెక్కలబడి గారి మూడో ప్రశ్నే అసలైనది. దాని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

స్టాన్స్ తర్వాత ఆయన బుర్గ్‌డోర్ఫ్ అనే ఊరికి వెళ్లాడు. ఒక చెప్పులు కుట్టే ఆయన నడిపే పేదల బడిలో పాఠం చెప్పనిచ్చారు. ఆ పాత మాస్టారికి తన పొట్ట కొడతాడేమోనని భయం, తల్లిదండ్రులకు మతపాఠం చెప్పట్లేదని కోపం. అక్కడి నుంచి చిన్నపిల్లల బడికి మారాల్సి వచ్చింది. పదేళ్ల వయసులో అక్కడ చదివిన రామ్‌సావర్ అనే కుర్రవాడు పెద్దయ్యాక ఆ రోజులు రాసిపెట్టాడు. గోడకు అంటించిన పాత కాగితం చిరుగులు పడి ఉండేదట. పెస్టలోజీ పిల్లల్ని దాని ముందు నిలబెట్టి, ఏం కనిపిస్తోంది అని అడిగేవాడు. "కాగితంలో చిరుగు ఉంది." సరే, ఇప్పుడు నా వెంట అనండి: నేను కాగితంలో ఒక చిరుగు చూస్తున్నాను. పొడవైన చిరుగు చూస్తున్నాను. చిరుగు వెనక గోడ చూస్తున్నాను. ఇలా రెండు మూడు గంటలు! పదకొండు అయ్యేసరికి ఆయన గొంతు బొంగురుపోయేది.

పుస్తకం లేదు, బొమ్మ లేదు, చిరిగిన గోడే పాఠం. కళ్ల ముందున్నది చూడు, చూసింది సొంత మాటలో చెప్పు, ఆ మాట నీదైన తర్వాతే ముందుకు పద. దీన్ని జర్మన్‌లో అన్‌షావుంగ్ అన్నాడు. మన పుస్తకాల్లో "పరిశీలన" అని రాస్తారు, సరిపోదు. మన తర్కశాస్త్రంలో ప్రత్యక్షం అనే మాట దీనికి దగ్గర, కంటితో చూడటమే కాక చూసింది మనసుకు స్పష్టంగా అందడం. తెలియనివాటిని మాటలుగా మింగిన పిల్లవాడు జీవితాంతం మాటలే అప్పగిస్తాడని ఆయన భయం.

అయితే అదే మనిషి, అదే బుర్గ్‌డోర్ఫ్‌లో, ఏ తల్లి చేతికిచ్చినా పనిచేసే యంత్రం లాంటి పద్ధతి కనిపెట్టాలని తపించాడు. మీరు విద్యను యంత్రంలా చేయాలనుకుంటున్నారని ఒక అధికారి అంటే, నా మనసులో మాట పట్టేశారని సంతోషించాడు. పేదల మీద ప్రేమతోనే ఆ కోరిక పుట్టింది. పేదల బడులకు మంచి మాస్టర్లు దొరకరు కాబట్టి పద్ధతే మాస్టారు కావాలి. సంఖ్య, ఆకారం, మాట అనే మూడింటిని అతి చిన్న మెట్లుగా విడగొట్టాడు. ఆ మెట్లే పట్టికలయ్యాయి. కాబట్టి మీ విమర్శ నిజం. శిష్యులు చెడగొట్టారని నేను అనను, విత్తనం ఆయన చేతిలోనే ఉంది.

ఇంగ్లండులో మేయో అన్నాచెల్లెళ్లు దాన్ని వస్తుపాఠాలుగా మార్చారు. గాజుముక్క చూపించి "ఇది పారదర్శకం, పెళుసు" అని పిల్లలతో చెప్పించడం. ఆబ్జెక్ట్ లెసన్ పేరుతో అది మన దేశపు ట్రైనింగ్ స్కూళ్లకూ వచ్చింది. వస్తువును చూడమన్నవాడి పేరు మీద వస్తువు గుణాలను కంఠతా పట్టించారు.

లెక్కలబడి · ఆదివారం సాయంత్రం 5:05

ఇంత నిజాయితీగా జవాబిచ్చినందుకు కృతజ్ఞతలు మాస్టారూ. ఒక్కటి నేనూ ఒప్పుకోవాలి. యాకబ్ స్టైనర్ అనే జ్యామితి శాస్త్రవేత్త ఉన్నాడు, తర్వాత బెర్లిన్‌లో ప్రొఫెసర్. రైతు బిడ్డ, 14 ఏళ్ల దాకా రాయడం రాదంటారు. 18 ఏళ్లకు, 1814లో, బుర్గ్‌డోర్ఫ్ తర్వాత ఇవెర్డాన్ అనే ఊళ్లో పెస్టలోజీ నడిపిన సంస్థకు వెళ్లాడు. ఫీజు లేకుండా చేర్చుకున్నారు, కొన్నాళ్లకే అక్కడ గణితం చెప్పించారు. 18 ఏళ్ల పల్లెటూరి కుర్రాణ్ణి వయసు మీరిందని మా బడిలో అయితే వెనక్కి పంపేవాళ్లం.

చరిత్రదారి · ఆదివారం సాయంత్రం 6:30

ఇవెర్డాన్ మాట వచ్చింది కాబట్టి మద్రాసు సంబంధం చెప్తాను.

1789లో మద్రాసు ఎగ్మూరు అనాథ శరణాలయానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదరీ పెద్దగా వచ్చాడు. అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చెప్పించడం మొదలుపెట్టాడు. మన చట్టాంబిళ్ల పద్ధతే. ఇంగ్లండు వెళ్లి దాన్ని మద్రాసు పద్ధతి పేరుతో ప్రచారం చేశాడు. ఆ బెల్ 1816లో ఇవెర్డాన్ వెళ్లి పెస్టలోజీని చూశాడు. బెల్‌కు ఆ బడి నచ్చలేదు. ఒక మాస్టారితో వందల మందికి తక్కువ ఖర్చులో చదువు అన్నది బెల్ దారి. ప్రతి బిడ్డ మనసులో ఏం జరుగుతుందో చూడాలన్నది పెస్టలోజీ దారి. పల్లె అరుగు మీద పుట్టిన పద్ధతి, స్విస్ కోటలో పెరిగిన పద్ధతి ఒకే గదిలో ఎదురుపడ్డాయన్నమాట.

శ్రావణమేఘం · ఆదివారం సాయంత్రం 6:52

ఇసుక అంటే గుర్తొచ్చింది, పలక, బలపం కూడా ఆయన వాడారా?

పలకాబలపం · ఆదివారం సాయంత్రం 7:10

వాడాడమ్మా, నా పేరు పెట్టుకున్నది కూడా అందుకే. గెర్‌ట్రూడ్ తన పిల్లలకు ఎలా నేర్పుతుంది అని 1801లో వచ్చిన పుస్తకంలో ఉంది. ఈక కలం పట్టుకోలేని వయసులోనే పిల్లవాడు పలక మీద గీయగలడు, తప్పైతే చెరిపేయగలడు. కాగితం మీద తప్పు అలాగే ఉండిపోతుంది. మా పిల్లలు తప్పు రాసి అరచేత్తో తుడిచేసి నవ్వడం రోజూ చూస్తాను.

జ్యూరిక్ తెలుగబ్బాయి · ఆదివారం రాత్రి 8:20

ఇవెర్డాన్ చివరికి ఎందుకు మూతపడింది? అంత పేరొచ్చింది కదా. ఫ్రోబెల్ కూడా రెండేళ్లు అక్కడే ఉన్నాడని చదివాను.

విశ్రాంత మాస్టారు · ఆదివారం రాత్రి 9:00

అవును, కిండర్‌గార్టెన్ ఫ్రోబెల్ 1808 నుంచి 1810 దాకా ఉన్నాడు. నెపోలియన్ చేతిలో ప్రష్యా ఓడిపోయాక అక్కడ తత్వవేత్త ఫిఖ్టే, దేశం లేవాలంటే పెస్టలోజీ బడులు కావాలని ప్రసంగించాడు. ప్రభుత్వం కుర్ర టీచర్లను ట్రైనింగుకు పంపింది. యూరప్ అంతటి నుంచి పిల్లలొచ్చారు.

వాళ్లలో ఎక్కువమంది డబ్బున్నవాళ్ల పిల్లలు. పేదల కోసం పుట్టిన బడి అలా మారిందని ఆయనకు ఎప్పుడూ మనసులో ముల్లు. దానికి తోడు ముఖ్య సహచరులు నీడెరర్, ష్మిడ్ మధ్య ఏళ్ల తరబడి గొడవ. 1815లో ఆనా పోయాక ఇంటిని కలిపి ఉంచే మనిషే లేకుండా పోయింది. 1818లో దగ్గర్లోనే మళ్లీ పేదల బడి పెట్టాడు, అదీ నిలవలేదు. 1825లో ఇవెర్డాన్ మూసేసి, 79 ఏళ్ల వయసులో నోయ్‌హోఫ్‌కే తిరిగొచ్చాడు. తనను తిడుతూ వచ్చిన ఒక పుస్తకానికి జవాబు రాయాలని తపనపడుతూ 1827 ఫిబ్రవరి 17న బ్రుగ్ అనే పట్టణంలో పోయాడు.

లెక్కలబడి · ఆదివారం రాత్రి 9:22

పలకాబలపం గారూ, సోమవారం సంగతి ఏం ఆలోచించారు?

పలకాబలపం · ఆదివారం రాత్రి 9:45

రెండు పనులు. మా తరగతి గోడకు కిటికీ పక్కన పెచ్చు ఊడింది, రంగు వేయించమని అడుగుతున్నాను. రంగు పడేలోపు పిల్లల్ని దాని ముందు నిలబెడతాను. ఏం కనిపిస్తోందో చెప్పమంటాను, నా వెంట అనమని మాత్రం అనను.

రెండోది, ఒక నోట్‌బుక్ తీశాను. 31 పేర్లు రాశాను. ఒక్కొక్క పేరు పక్కన ఆ బిడ్డకు ఏం వచ్చో రాయాలి. తొమ్మిది మంది దగ్గర నా పెన్ను ఆగిపోయింది. జూన్ నుంచి వాళ్లు నా ఎదురుగానే కూర్చుంటున్నారు.

జ్యూరిక్ తెలుగబ్బాయి · తర్వాతి శనివారం రాత్రి 8:15

ఈ చర్చ చదివాక ఇవాళ రైలెక్కి బిర్ వెళ్లొచ్చాను. చిన్న ఊరు. సమాధి స్మశానంలో ఉండదు, పాత బడి గోడకే ఆనుకుని ఉంది. తన మీద చెక్కని మామూలు చేనిరాయి పెడితే చాలు, తనూ అలాంటి రాయినే అని ఆయన అడిగాడట. మొదట గులాబీ మొక్క ఒక్కటే ఉండేదట. నూరేళ్ల జయంతికి, 1846లో, ఇప్పుడున్న స్మారకం కట్టారు.

గోడ మీద ఆయన బతుకంతా ఊళ్లవారీగా రాసి ఉంది: నోయ్‌హోఫ్‌లో పేదల రక్షకుడు, స్టాన్స్‌లో అనాథల తండ్రి, బుర్గ్‌డోర్ఫ్‌లో కొత్త ప్రజాపాఠశాల స్థాపకుడు. చివర్లో "అంతా ఇతరుల కోసం, తనకోసం ఏమీ లేదు" అని. ఐదు నెలలు కూడా నడవని స్టాన్స్‌కు అందులో చోటుంది.

ఫోటోలు తీశాను, రేపు పెడతాను. పలకాబలపం గారూ, ఆ తొమ్మిది మంది సంగతి ఏమైంది?

పలకాబలపం · తర్వాతి శనివారం రాత్రి 9:30

ఆరుగురివి రాశాను. ఒక పిల్లకు గొర్రెల ఈతల గురించి నాకన్నా ఎక్కువ తెలుసు. ఇంకా ముగ్గురు ఉన్నారు.